అరచెయ్యి ఆనిన చోటు

మా రఘునాథపల్లి మైకు సెట్టాయన ఎన్నడూ కొత్త స్పీకరు డబ్బా కొనలేదు. జనగామలో ఎవరో వాడినవి వెతికి, మోగుతుండగా అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, "దీని గొంతు పండిందన్నా" అనేవాడు. ఆయన పెట్టిన పాట కాళేశ్వరం దాకా వినబడేది. సరే, మా వీధి చివరి దాకా.

ఆయన కూతురి పెళ్లికి వియ్యంకుడు, "నీ పాత సెట్టు పెడితే మా ఇజ్జత్ పోతది బావా, కొత్త డీజే పెట్టియ్యి" అన్నాడు. మైకు సెట్టాయన కిరాయికి తెచ్చాడు. ఊరేగింపులో అలవాటు కొద్దీ ఆ కొత్త డబ్బాకు అరచెయ్యి ఆనించాడు.

"ఓ పెద్దమనిషీ, చెయ్యి తియ్యి. కొత్తది, ఖరాబైతది" అన్నాడు డీజేవాడు.

ఆ మాటకు వాడి చెంప పగలగొట్టాడని అందరికీ చెబుతుంటాను. అబద్ధం. పెళ్లికూతురి తండ్రి, తన చెయ్యి ఆనిన చోటును కండువాతో తుడిచి, పక్కకు జరిగాడు.