అక్క దిద్దిన వార్త

మా అక్క పదహారేళ్లు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దింది. ప్రెస్సు మూతబడ్డాక ఇంట్లో కూర్చోలేదు. మా పట్టణం వార్తల కోసం సొంతంగా ఒక వెబ్‌సైటు పెట్టింది. ఏ వీధికి నీళ్లు రావు, ఎక్కడ కరెంటు పోతుంది, మున్సిపల్ సమావేశంలో ఎవరేమన్నారు, ఇవే అందులో వచ్చేవి. స్కూటరు మీద వెళ్లి కళ్లారా చూసి, కనీసం ఇద్దరిని అడిగితే గాని అక్షరం రాసేది కాదు.

"ఇంత చిన్న వార్తకు అంత హైరానా ఎందుకే?" అని అమ్మ సణిగేది.

"నీళ్లు రానివాళ్లకు అది చిన్న వార్త కాదమ్మా," అనేది అక్క.

రెండేళ్లకు ఎక్కడినుంచో ఇంకో వార్తల బ్లాగు పుట్టుకొచ్చింది. అక్క రాసిందల్లా పది నిమిషాల్లో అందులో ప్రత్యక్షం. ఫొటోలో అడ్డుపడ్డ అక్క బొటనవేలుతో సహా! పేరా పేరాకీ మధ్య జుట్టు నూనె, ఇళ్ల స్థలాల ప్రకటనలు. ఫోనులో వెతికితే ముందు అదే కనబడేది. నాది జిరాక్సు షాపు. "కాపీలు తీసి బతికేవాణ్ణి నేను. నేనైనా అసలు కాగితం తిరిగి ఇచ్చేస్తానే!" అని మండిపడితే అక్క నవ్వేసి ఊరుకుంది.

నవ్వి ఊరుకోలేని రోజూ వచ్చింది. పెద్దాసుపత్రిలో డయాలసిస్ విభాగం సోమవారం నుంచి ఊరి చివర కొత్త భవనంలోకి మారుతుందని శనివారం ఉదయం అక్క రాసింది. మధ్యాహ్నం సూపరింటెండెంటు దాన్ని వాయిదా వేశారు. అక్క వెంటనే వార్త దిద్దింది. బ్లాగులో మాత్రం పాతదే ఉండిపోయింది, కింద అక్క పేరుతో.

ఆదివారం నేనే చూసి చెప్పాను. బ్లాగువాళ్లకు ఫోను నంబరు లేదు. మెయిలు పెడితే జవాబు లేదు. సోమవారం పొద్దున ఆరింటికి అక్క స్కూటరు తీసింది.

"ఎక్కడికక్కా?"

"కొత్త భవనం దగ్గరికి. అది చదివి వచ్చేవాళ్లకు ఎవరు చెబుతార్రా?"

నేనూ వెనకాల ఎక్కాను. తాళం వేసిన గేటు ముందు నిలబడ్డాం. మొదట వచ్చినాయన వడ్రంగి. కాళ్లు ఉబ్బిపోయి చెప్పుల్లో పట్టడం లేదు. ఆటో దిగగానే అక్క తన పేరు చెప్పి, విభాగం ఇంకా ఇక్కడికి మారలేదంది. ఆయన విరుచుకుపడ్డాడు.

"రాసింది నువ్వేనా? నీ పేరు చూసే కదమ్మా ఇంతదూరం వచ్చాను!"

దిద్దాననీ, పాతది ఇంకెవరో ఎత్తుకుపోయారనీ అక్క చెప్పవచ్చు. చెప్పలేదు.

"తప్పయిపోయింది బాబాయ్. పాతచోటే చేస్తున్నారు. మీరు వస్తున్నారని నర్సుకు ఫోను చేస్తాను, మీ వంతు ఆపి ఉంచుతుంది. ముందు ఆటో ఎక్కండి."

పదకొండింటిదాకా అలా తొమ్మిదిమందిని పంపింది. ఒక్కరికీ ఆ రోజు డయాలసిస్ తప్పిపోలేదు.

"నీది కాని తప్పు ఎందుకు నెత్తిన వేసుకున్నావ్?" అన్నాను.

"నా పేరుంది కదరా."

ఇళ్ల స్థలాల ప్రకటన ఇచ్చిన ఆఫీసులో అడిగి, బ్లాగు చిరునామా పట్టింది. మేడ మీద ఒక గది, రెండు కంప్యూటర్లు, ఒకే ఒక మనిషి.

"మేడం, నెట్‌లో ఉన్నది అందరిదీ కదా," అన్నాడతను.

"అయితే తప్పు కూడా అందరిదీ. మీ వంతు దిద్దండి."

"అంతా సాఫ్ట్‌వేరే లాగేస్తుంది మేడం. నేను చదవను."

"ఇప్పుడు చదవండి. పైకే చదవండి."

చదివాడు. అక్క పొద్దుటి సంగతంతా చెప్పింది, వడ్రంగి కాళ్లతో సహా. అతను వార్త తీసేశాడు. ఇక మీవి ముట్టుకోను అన్నాడు.

ఆ మాట వారం నిలవలేదు. అక్క తన వార్తలూ అతని కాపీలూ పక్కపక్కన పెట్టి, బ్లాగులో ప్రకటనలు వేయించే కంపెనీకి రాసింది. మూడో ఉత్తరానికి ప్రకటనలు ఆగిపోయాయి. ఆ నెలలోనే బ్లాగూ మూతబడింది. రేపు ఇంకెవరో పెడతారని అక్కకూ తెలుసు.

డయాలసిస్ గది బయటి బోర్డు మీద ఇప్పుడు ఆసుపత్రివాళ్లే అక్క వార్తలు అంటిస్తున్నారు. మొన్న ఆ కాగితాలివ్వడానికి వెళ్లాను. బోర్డు మీది వార్త చదివి కూడా, గురువారం మిషన్లు నిజంగా నడుస్తాయా అని ఒకామె కంగారుపడుతోంది. పక్కనున్న పెద్దాయన, "ఆవిడ రాసిందా? అయితే నడుస్తాయి, నిశ్చింతగా ఉండమ్మా," అన్నాడు.

"ఆవిడ మా అక్కండీ," అన్నాను.

నన్నెవరూ అడగలేదు. అయినా చెప్పాను.