కింది వరస చదవని మావయ్య

మొన్న బుధవారం పొద్దున్న ఝపటాపూర్ నుంచి అత్తయ్య ఫోన్ చేసింది. మావయ్య టీ అడిగి, అది వచ్చేలోగానే పోయాడట. మా అమ్మకు అన్న, రైల్వే వర్క్‌షాపులో చక్రాల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి, నన్ను ‘కోడలా’ అని తప్ప పేరు పెట్టి పిలవని మావయ్య. నేను రైలెక్కి వెళ్లేసరికి ఇంటి నిండా జనం. ఒక పెద్దాయన నా పక్కనే నిలబడి, పాపం, డ్రైవరు కావలసినవాడు చేజేతులా పోగొట్టుకున్నాడు అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మనిషి ఇంకా చాప మీదే ఉన్నాడు, ఆ వేళప్పుడు జగడమెందుకని అక్కడ ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను. మా మావయ్యను ఎవరూ పాపం అనొద్దు.

ఆయన పోగొట్టుకున్నదేమిటో చెబుతాను. కుర్రతనంలో మావయ్య రైలింజన్ మీద అసిస్టెంట్ డ్రైవరు. బండి నడిపేవాళ్లకు కొన్నేళ్లకోసారి కళ్ల పరీక్ష ఉండేది. గోడకు అక్షరాల బోర్డు, పైన పెద్దవి, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. చూపు మీద అనుమానం ఉన్నవాళ్లు, ముందు లోపలికి వెళ్లొచ్చినవాడిని పట్టుకుని కింది వరస అడిగి బట్టీ పట్టేవారు. అదొక రివాజు, ఎవరూ తప్పనుకునేవారు కాదు. మావయ్యకు అప్పటికే చూపు తగ్గుతోంది, సాయంత్రమైతే మరీ మసక. స్నేహితులు ఆయనకూ కింది వరస నేర్పించి పంపారు. తీరా డాక్టరు కర్రతో చూపించి చదవమంటే, కనబడడం లేదని చెప్పేశాడు. బండి దింపి వర్క్‌షాపుకు పంపారు. అత్తయ్య వాళ్ల నాన్న ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదట.

నోటికొచ్చినప్పుడు చదివేస్తే పోయేది కదా అని చిన్నప్పుడు అడిగాను. “బోర్డయితే నాకు తెలుసే కోడలా,” అన్నాడు. “పట్టాల మీద అడ్డమొచ్చినోడు బోర్డు మీద ఉండడు కదా.”

సెలవులకు వాళ్లింటికి వెళ్తే సాయంత్రాలు పట్టాల దగ్గర పూరీ గేట్ దాకా నడిచేవాళ్లం. నా మణికట్టు పట్టుకుని నడిచేవాడు. పరాయివాళ్లకు మాత్రం నన్నే ఆయన నడిపిస్తున్నట్టు కనబడాలి, అంత పొగరు. ఏమేం కనబడుతున్నాయో నేను చెబుతూ ఉండాలి. ఒకరోజు సిగ్నల్ ఏముందని అడిగితే ఎర్రదీపం అనేశాను. తలెత్తను కూడా లేదు. ఆ వేళకు రోజూ ఎర్రదీపమే ఉంటుంది. మావయ్య నడక ఆపేశాడు.

“సూసి సెప్పినావా, తెలిసి సెప్పినావా?”

అప్పుడు చూశాను. ఎర్రదీపమే. మరి తప్పేముందని కోపం వచ్చింది. మళ్లీ చూసి మళ్లీ చెప్పించాకే కదిలాడు.

ఇప్పుడు నేను వేరే ఊళ్లో చేస్తున్న పరిశోధన కంటి గురించే. కంటి వెనకపొరలో ఒక ప్రోటీన్ ఉంటుంది. దాని లోపల వంగి ఉన్న చిన్న అణువుకు వెలుగు తగలగానే అది తిరిగి నిటారవుతుంది. మనం చూడడం మొదలయ్యేది అక్కడే. నిమ్‌పురా రైల్వే యార్డులో పట్టాల పాయింటు పడి బండి ఇంకో లైన్లోకి మళ్లినట్టే అని మావయ్యకు చెప్పాను. ఆ తిరగడం ఎంత తొందరగా జరిగిపోతుందంటే, దాన్ని అడుగడుగునా వెంబడించాలంటే కంప్యూటర్లో లెక్క కట్టాల్సిందే. ఏ పద్ధతిలో కట్టామన్నదాన్ని బట్టి ఆ అణువు నడకే మారిపోతుంది. తంటా అంతా అక్కడే.

నేను తీసుకున్నది ఒక్కచోట తేడా ఉన్న ప్రోటీన్. అలాంటి తేడాలు కొన్ని కుటుంబాల్లో చూపును తినేస్తాయి. మావయ్యది ఆ జబ్బేనని నేను అనను, పరీక్ష చేయించలేదు. త్వరగా తేలే పద్ధతిలో చేస్తే అణువు బాగున్న కంట్లో లాగే చక్కగా తిరిగింది. నెలల తరబడి నడిచే పద్ధతిలో చేస్తే చాలాసార్లు సగం తిరిగి వెనక్కి వచ్చేసింది. మా గైడు సారు రెండోది తీసేయమన్నారు. ఆ పద్ధతిలో చేసినవి తక్కువసార్లు, నమ్మలేం, పేపరు చూసేవాళ్లు తికమకపడతారు అన్నారు. తీసేస్తే ఈ ఏడు డిగ్రీ. లేదంటే ఇంకో ఏడాది, అదీ ఫెలోషిప్ లేకుండా.

పోయిన నెల ఫోన్లో మావయ్యకు ఇదంతా వెళ్లగక్కాను. ఓపిగ్గా విని ఒకటే అడిగాడు, ఆ తొందర లెక్కకు జవాబు ముందే తెలుసా అని. ఒప్పుకోక తప్పలేదు. తెలుసు. బాగున్న కంటి కొలతలు ముందు పెట్టుకుని, వాటికి సరిపోయేలా దాన్ని సర్దారు.

“అయితే అది బోర్డు బట్టీ పట్టినాదే,” అన్నాడు. “బాగున్న కన్నుకి అప్పజెప్పేస్తది. సెడిన కన్ను కాడ దానికేటి తెలుస్తది?”

అలాగని నెమ్మదిదే నిజమా అంటే, అదీ నాకు తెలియదన్నాను. మావయ్య నవ్వాడు. “తెల్దనే రాయ్. తెల్దని రాస్తే సెయ్యి ఇరిగిపోద్దా?”

అదే ఆఖరి ఫోను.

శ్మశానం నుంచి వచ్చి స్నానం చేసి, ఆయన కూర్చునే బల్ల మీదే కూర్చుని సారుకు మెయిల్ రాశాను. రెండు ఫలితాలూ ఉంటాయి, ఏది నిజమో ఇంకా తెలియదన్న మాటా ఉంటుంది, లేదా నా పేరుతో ఈ పేపరు వెళ్లదు అని. ఇంకోసారి ఆలోచించుకో, ఏడాది పోతుంది అని జవాబు వచ్చింది. పోనీండి అని రాశాను. అత్తయ్య పక్కన కూర్చుని, ఎందుకు ఏడుస్తున్నానో అడగకుండా నా వీపు నిమిరింది.

రేపు నన్ను కూడా జనం పాపం అంటారు. అననీ. నాకిప్పుడు కళ్లు మూసినా తెరిచినా ఆ పరీక్ష గదే కనబడుతోంది. గోడకు బోర్డు, డాక్టరు చేతిలో కర్ర, బయట బెంచీ మీద స్నేహితులు. కింది వరస మొత్తం నోటికి వచ్చిన పాతికేళ్ల కుర్రాడు దాని ఎదురుగా నిలబడి, కనబడడం లేదంటున్నాడు.