గోడ అవతలి నుంచి నాయనమ్మ పిలుపు

దయ్యాలంటే నవ్వేవాణ్ణి. తాయెత్తు కట్టుకోమని ఇంట్లో ఎంత పోరినా కట్టుకోని మొండివాణ్ణి. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. జరిగింది చెబుతున్నాను, అంతే.

ఆంధ్రతో కలవకముందు, హైదరాబాద్ వేరే రాష్ట్రంగా ఉన్న రోజులవి. పాతబస్తీలో గాజుల దుకాణాల వెనక గల్లీలో మా ఇల్లు. నేను ఒక ఆఫీసులో గుమాస్తాను. ముక్కులో కండ పెరిగి ఊపిరాడక ఆపరేషన్ చేయించుకున్నాను. పది రోజులు ముక్కుకు చెయ్యి కూడా తగలనివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు.

పక్క గదిలో మా నాయనమ్మ ఉండేది. తల్లి లేని నన్ను పెంచింది ఆమే. పక్షవాతం వచ్చి మాట పడిపోయి రెండేళ్లయింది. ఆకలైనా దప్పికైనా కళ్లతోనే చెప్పేది. రెండు గదుల మధ్య మట్టిగోడ. ఆమె మంచం మీది నుంచి నా గది కనబడదు.

ఆరోనాడు మధ్యాహ్నం మా ఆవిడ నల్లా దగ్గరికి నీళ్లకు పోయింది. నేను వంగి సందూకు పెట్టెలోంచి తువ్వాల తీసుకుని లేస్తుంటే, తెరిచి ఉన్న కిటికీ రెక్క ముక్కుకు కొట్టుకుంది. అరిచే లోపే కళ్లు తిరిగి మంచం మీద వెల్లకిలా పడ్డాను. నెత్తురు గొంతులోకి దిగుతోంది. ఊపిరి అందడం లేదు. లేద్దామంటే ఒళ్లు స్వాధీనంలో లేదు.

అప్పుడు వినిపించింది.

"నర్సిమ్మా! ఎల్లెలకల పండకు బిడ్డా! బోర్ల తిరుగు! నెత్తురు మింగకు, ఉమ్మెయ్యి!"

నాయనమ్మ గొంతు. చిన్నప్పుడు నన్ను అదిలించిన గొంతే, వణుకన్నది లేదు. ఎలా తిరిగానో తెలియదు, బోర్లా తిరిగాను. నెత్తురు గడ్డలు నేల మీద పడ్డాయి. ఊపిరి వచ్చింది.

పక్కింట్లో గాజులు చేసే ఖాజా భాయ్ ఉరికొచ్చాడు. "క్యా హువా భాయ్? ముసలమ్మ గంత గట్టిగ ఒర్లుతుందేంది?" అన్నాడు. అని, తనే ఆగిపోయాడు. ఆమెకు మాట లేదని గల్లీ అంతటికీ తెలుసు. "యా అల్లా" అంటూ ఆమె గది వైపు తిరిగాడు.

ఇద్దరం వెళ్లి చూశాం. ఎప్పటిలాగే పడుకుని ఉంది, పెదవి మూల చొంగ కారుతూ. "నాయనమ్మా, నువ్వేనా పిలిచింది?" అని ఎన్నిసార్లడిగినా నా ముఖంలోకి చూసిందే కానీ పెదవి కదపలేదు.

డాక్టరుకు చెప్పాను. "పడిపోయిన మాట ఒక్కోసారి తిరిగి రావచ్చు. కానీ నువ్వెట్ల పడ్డవో గోడ అవతలున్న మనిషికి ఎట్ల తెలిసిందయ్యా?" అని నన్నే అడిగాడు.

ఆ ఏడు చలికాలంలోనే ఆమె పోయింది, మరో మాట మాట్లాడకుండా. చివరి రోజు ఆమె నోటి దగ్గర చెవి పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు.