వాగులో ఉండాల్సిన మూడు రోజులు

మా ఊరు ఆవపల్లికి దగ్గర. మహిళా సమూహాల వాళ్లకు ఫోన్‌లో రీల్స్ చేయడం నేర్పుతారంటే, మా సమూహం తరఫున నన్ను ఉసూర్‌కు పంపారు. పన్నెండో తరగతి చదివింది నేనొక్కదాన్నే, మంచి కెమెరా ఉన్న ఫోన్ కూడా నాదే.

నేర్పడానికి వచ్చిన దీదీ హిందీలో గబగబా మాట్లాడింది. నేను విన్నది విన్నట్టు తెలుగులో రాసుకున్నాను. మొదటి మూడు సెకన్లలోనే చూసేవాళ్లను పట్టుకోవాలి. మాటల మధ్య ఖాళీలు తీసేయాలి. చెప్పిందే మళ్లీ చెబితే తీసేయాలి. ఏమీ జరగని చోట తప్పకుండా తీసేయాలి. ఇంటికొచ్చి చదువుకుంటే సగం నాకే అర్థం కాలేదు. మా ఇళ్లలో ఖాళీ లేకుండా ఎవరు మాట్లాడతారు?

మొదటి వీడియోకు మా మేనత్తను అడిగాను. అడవిలో ఏ గడ్డ ఎప్పుడు తవ్వాలో మా ఊళ్లో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. చేదు గడ్డ గురించి చెబుతానంది. ఆ గడ్డను అలాగే వండుకుని తింటే గొంతు మండి, వాంతులవుతాయి. సన్నగా కోసి, బుట్టలో వేసి, పారే వాగులో మూడు రోజులు ఉంచాకే వండాలి. అత్త ఇదంతా తన పద్ధతిలో చెప్పింది. మధ్యలో కోళ్లను అదిలించింది, దారిన పోతున్న ఒకామెతో నవ్వుతూ గోండీలో ఏదో అంది, మళ్లీ తెలుగులోకి వచ్చి మొదటినుంచీ ఎత్తుకుంది. మర్నాడు నన్ను వాగు దగ్గరకు తీసుకెళ్లి నీళ్లలో ఉన్న బుట్ట చూపించింది. మూడో రోజు అయ్యాక ఉడికించి ఆకులో పెట్టింది. మొత్తం వీడియో తీసేసరికి నా ఫోన్ నిండిపోయింది.

కత్తిరించడానికి కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఒక ముక్క తీస్తే దాని ముందు మాట తెగిపోయేది. దాన్ని తిరిగి పెడితే ఇంకోటి పక్కకు జరిగేది. రెండు రోజులు అదే పని. చివరికి ఇలా కాదని, రాసుకున్న కాగితం ముందు పెట్టుకుని అది చెప్పినట్టే చేశాను. ఖాళీలు పోయాయి, కోళ్లు పోయాయి, గోండీ మాటలు పోయాయి. వాగులో బుట్ట కదలకుండా ఉంది, అత్త దాన్నే చూస్తూ "ఉండాలె, ఉండాలె" అని రెండుసార్లు అంది. చెప్పిందే చెప్పడం, ఏమీ జరగకపోవడం, రెండూ ఉన్నాయి కదా అని ఆ ముక్క కూడా తీసేశాను. గంటలోపే పని అయిపోయింది. ఇంత తేలికైన పనికి రెండు రోజులు ఎందుకు పట్టిందా అనుకున్నాను.

సిగ్నల్ దొరికే రోడ్డు దాకా సైకిల్ మీద వెళ్లి వీడియో పెట్టాను. మర్నాటికి ఎక్కడెక్కడి వాళ్లో చూశారు. ఆ సంతోషంలో తీసుకెళ్లి అత్తకు చూపించాను. ఆమె ఒకసారి చూసింది. మళ్లీ పెట్టమంది.

"ఇదేంది బిడ్డా, వాగేది?"

"తీసేసిన అత్తా. అక్కడ ఏం జరుగుతలేదు గదా."

"ఏం జరుగుతలేదా? విషం పోయేది అక్కడనే గదనే!"

అది నాకు తెలియని సంగతి కాదు. చిన్నప్పటినుంచీ తింటున్న గడ్డే. కత్తిరించేటప్పుడు మాత్రం అది గడ్డలాగా కాక క్లిప్పులాగానే కనబడింది. అలా ఎలా అయిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

వెంటనే రోడ్డుకు పరుగెత్తాను. సిగ్నల్ రాగానే ఒక మెసేజ్ కనబడింది. భేజ్జి వైపు నుంచి ఎవరో అమ్మాయి. "అక్కా, మేం గూడ తవ్వినం. ఇయ్యాల వండుతం" అని. వాయిస్ మెసేజ్ పెట్టాను. "చెల్లే, వండకుండ్రి. మూడు దినాలు వాగుల ఉండాలె. నేనే తప్పు చేసిన" అని. అది చేరినట్టు కనబడలేదు. వీడియో తీసేద్దామా అంటే, చూసినవాళ్లకు అసలు సంగతి ఎలా తెలుస్తుంది? ఉంచుదామా అంటే, ఇంకెంతమంది చూస్తారో! రోడ్డు పక్కనే చాలాసేపు నిలబడి, చివరికి తీసేశాను.

ఆ సాయంత్రమే అత్త నన్ను వాగుకు లాక్కెళ్లింది. ఇంకో బుట్ట గడ్డలు నీళ్లలో పెట్టి, దాని పక్కన కూర్చుని, "మూడు దినాలు. అంతకు ముందు తినొద్దు" అని కెమెరాలోకి చూస్తూ గట్టిగా చెప్పింది. దాన్నే మొదట పెట్టి, దేన్నీ పెద్దగా కత్తిరించకుండా కొత్త వీడియో చేశాను.

మర్నాడు మధ్యాహ్నానికి జవాబొచ్చింది. "మా అత్త నీ వీడియో చూసి నవ్వింది అక్కా. ఈమెకు వండుడు రాదా అన్నది. గడ్డలు ఆమెనే వాగుల పెట్టింది." సిగ్నల్ కోసం వెళ్లిన రోడ్డు దగ్గరే అది చదివాను. ప్రాణం కుదుటపడింది. సిగ్గేసింది. తెలిసినవాళ్లకు ఈ వీడియో అక్కర్లేదు, తెలియనివాళ్లకేమో ప్రమాదం. మరి నేను ఎవరి కోసం చేసినట్టు?

కొత్త వీడియోను ఎక్కువమంది చూడలేదు. దీదీ ఫోన్ చేసి, మొదటిదే బాగుంది, ఎందుకు తీసేశావని అడిగింది. చెప్పాను. "ఆ సంగతి నాకు తెలియదు" అంది.

ఇప్పుడు కత్తిరించే ముందు, మాట్లాడినవాళ్లనే ఒకటి అడుగుతున్నాను. ఏది తీసేస్తే చెడిపోతుంది? వాళ్లు చెప్పింది కాగితం మీద రాసుకుని, దాన్ని ముట్టుకోకుండా మిగతాది తీసేస్తాను. పని నిజంగానే తొందరగా అవుతోంది. మొన్న చింతపండు గురించి వీడియో తీసి, అత్తను అదే అడిగాను.

"అంతా కావాల్సిందే. ఏం తీస్తవ్?" అంది.

పదకొండు నిమిషాల వీడియో. ఇంకా అలాగే ఫోన్‌లో ఉంది.