రసాల పెట్టెలో రహస్య నివేదిక

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవి. నూజివీడులో నేను ఒక చిన్న జిల్లా పత్రికకు కంట్రిబ్యూటర్‌ని. కంట్రిబ్యూటర్ అంటే విలేకరే, కాకపోతే ఉద్యోగి కాదు. పేరు పత్రికది, పెట్రోలు మనది.

మా వైపు మే నెల వచ్చిందంటే మామిడి పెట్టెలు ఊళ్లు తిరుగుతాయి. తోటలున్నవాళ్లు ఆఫీసర్లకి, ఆఫీసర్లు పై ఆఫీసర్లకి, అందరూ కలిసి విలేకరులకి పంపుతారు. లంచం అన్నామంటే నొచ్చుకుంటారు, మర్యాద అంటారు. మొదట్లో నేను తిప్పి పంపేదాన్ని. "ఇంటికొచ్చిన పళ్లు తిప్పి పంపడమేంటమ్మా, బుద్ధుందా?" అని మా అత్తగారు విరుచుకుపడ్డాక ఆ పని మానేశాను. పళ్లు తింటాను, రాయాల్సింది రాస్తాను. ఈ పద్ధతి వల్ల నన్ను మెచ్చుకున్న ఆఫీసరు ఒక్కడూ లేడు.

ఆ ఏడు తాగునీటి శాఖ డీఈ గారు చిన్నరసాల పెట్టె పంపారు. డీఈ అంటే మా డివిజన్‌లో మంచినీటి ట్యాంకులన్నిటికీ పెద్ద ఇంజనీరు. మూత మీద ఆయన స్వహస్తాలతో "జర్నలిస్టు మేడమ్ గారికి అభినందనలతో" అని స్కెచ్ పెన్నుతో రాసి, కింద సంతకం కూడా చేశారు. మామూలుగా పళ్ల మధ్య వరిగడ్డి పెడతారు. ఈ పెట్టెలో నలిపిన కాగితాలు పెట్టారు.

మా అత్తగారికి కాగితం కనిపిస్తే చదవకుండా ఉండలేని జబ్బు. పకోడీల పొట్లం, మందుల చీటీ, పెళ్లి శుభలేఖ, ఏదైనా ఒకటే. పళ్లు పక్కన పెట్టి, కాగితాలు ఒళ్లో చాపి, కళ్లజోడు పెట్టుకున్నారు.

"పద్మా, ఈ ట్యాంకు ఎక్కడుందే?"

"ఏ ట్యాంకు అత్తయ్యా?"

"స్తంభాల్లో ఇనుము తుప్పుపట్టిందంట. నీళ్లు నింపితే కూలొచ్చంట. కింద అంగన్‌వాడీ ఉందంట, వెంటనే మార్చాలంట. ఇలాంటివి రాయవు గానీ, నిన్న ఎవరివో గొర్రెలు తప్పిపోయాయని రాశావు."

చేతిలో గరిటె వదిలేసి పరుగెత్తాను. అవి వంకరగా వచ్చిన జిరాక్సు కాగితాలు. మొదటి పేజీ మీద, మామిడి సొన మరక పక్కన, 'కాన్ఫిడెన్షియల్' అని ముద్ర. చివరి పేజీలో "బయటకు తెలిసిన యెడల ప్రజలు ఆందోళన చెందుదురు కావున గోప్యముగా ఉంచవలెను" అని ఉంది. అంతా తెలుగులోనే. ప్రభుత్వ ఆఫీసులో తెలుగు అమలవుతోందని నాకు ఆ రోజే నమ్మకం కుదిరింది. నాలుగు పేజీల్లో మూడోది మాత్రం లేదు.

కాగితం దొరికింది కదా అని రాసేయకూడదు. కళ్లతో చూడాలి. ముందు కాగితాలకి ఫోన్లో ఫొటోలు తీసుకుని, స్కూటీ మీద మైలవరం రోడ్డులో ఆ ట్యాంకున్న ఊరికి వెళ్లాను. ట్యాంకు నిండుగా ఉంది, పైనుంచి నీళ్లు కారుతున్నాయి. దాని నీడలోనే అంగన్‌వాడీ. లోపల పిల్లలు గుడ్లు తింటున్నారు. ఒక మూల బల్ల అడ్డం పెట్టి ఉంది.

"ట్యాంకు నీళ్లు కారి మా స్లాబు పెచ్చులు ఊడిపడుతున్నాయండీ. పిల్లలు అటు పోకుండా పెట్టాను," అంది టీచరమ్మ.

"ఎవరికైనా చెప్పారా?"

"చెప్పకేమండీ! ఇంజనీర్లు వచ్చారు, చూశారు, ఫొటోలు తీసుకున్నారు. ఏమైందండీ అంటే, రిపోర్టు సీక్రెట్ అన్నారు. మా నెత్తి మీద ఉన్నదాన్ని మా దగ్గర సీక్రెట్ ఏంటండీ?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఒక పిల్ల నా చున్నీ పట్టుకుని గుడ్డు సగం నాకివ్వబోయింది. దాంతో కోపం ఇంకా పెరిగింది.

వార్త రాసేముందు అవతలివాళ్ల మాట కూడా వినాలి. దాన్ని మేం 'వివరణ' అంటాం. డీఈ గారికి ఫోన్ చేశాను.

"అలాంటి రిపోర్టే లేదండి మేడమ్. ట్యాంకు రాయిలా ఉంది. ఇంతకీ పళ్లు ఎలా ఉన్నాయి?"

"బాగున్నాయండీ."

"ఇంకో నాలుగు రోజులు మాగనివ్వండి, తేనే."

వార్త వచ్చింది. ఆ సాయంత్రానికల్లా ఆయన ఆఫీసు నుంచి రెండు కాగితాలొచ్చాయి. మొదటిది ఖండన: అటువంటి నివేదిక ఏదీ లేదు. రెండోది నాకు నోటీసు: సదరు రహస్య నివేదికను మీకు అందజేసిన వ్యక్తి పేరు తెలియజేయవలెను. రెండింటి కిందా ఒకే సంతకం. మా డెస్క్ ఇన్‌ఛార్జి, అంటే ఆఫీసులో కూర్చుని మా వార్తలు దిద్దే ఆయన, ఫోన్లో పడీపడీ నవ్వి, "సోర్స్ పేరు మాత్రం చచ్చినా చెప్పకు" అన్నాడు. సోర్స్ అంటే మాకు సమాచారం ఇచ్చిన మనిషి. నాకు మాత్రం నవ్వు రాలేదు. నివేదిక లేదంటే అంగన్‌వాడీని మార్చే పనీ లేదు. పిల్లలు ఇంకా ఆ ట్యాంకు కిందే ఉన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆ ఆఫీసు అటెండరు నాంచారయ్య మొహం వేలాడేసుకుని మా ఇంటికొచ్చాడు.

"పెట్టెలు కట్టింది నేనేనమ్మా. గడ్డి తడిసిపోయిందని చెబితే, అయ్యగారే తన రూములో చెత్తబుట్ట తెచ్చి నా చేతికిచ్చారు. 'ఇన్ని కాగితాలుండగా గడ్డెందుకయ్యా' అన్నారు. ఇప్పుడేమో దొంగెవరని మమ్మల్నే అడుగుతున్నారు."

అప్పటిదాకా నా సోర్స్ ఎవరో నాకే తెలీదు. తెలిశాక కాసేపు గోడకానుకుని నవ్వాను.

నోటీసుకి జవాబివ్వడానికి బయల్దేరుతుంటే అత్తగారు మామిడి పెట్టెతో తయారయ్యారు. ఒకరి పెట్టె ఖాళీగా తిరిగివ్వకూడదట, కొత్తావకాయ సర్దారట. వద్దంటే వినలేదు. పెట్టె ఒళ్లో పెట్టుకుని స్కూటీ ఎక్కారు. ఆవిణ్ణి ఆఫీసు వరండాలో కూర్చోబెట్టి నేను లోపలికెళ్లాను.

"మీ మీద మాకేం కోపం లేదు మేడమ్," అన్నారు డీఈ గారు. "మా ఆఫీసులో దొంగెవరో చెప్పండి, చాలు."

"లేని రిపోర్టుని ఎవరు దొంగిలిస్తారండీ?"

"లేదండీ. కానీ అది రహస్యం."

నవ్వు ఆపుకున్నాను. "సోర్స్ పేరు చెప్పకూడదండీ. చెబితే ఆయన పరువు పోతుంది."

"పోవాలి! అలాంటివాడి ఉద్యోగం కూడా పోవాలి."

"అయ్యో, అంత మాట అనకండి. పెద్దమనిషి."

"ఎవడండీ పెద్దమనిషి? ద్రోహి!"

ఆ కేకకి తలుపు తోసుకుని మా అత్తగారు లోపలికొచ్చారు. వెనకాలే నాంచారయ్య. ఆవిడ పెట్టె తీసుకెళ్లి సరిగ్గా ఆయన టేబుల్ మీద, ఆయన చేతిరాత ఆయనకే కనిపించేలా పెట్టారు.

"మీ పెట్టె బాబూ. ఆవకాయ పెట్టాను. మీ కాగితాలు అడుగునున్నాయి, నలిగిపోయుంటే ఇస్త్రీ చేశాను. మూడోది మాత్రం మా పెట్టెలో రాలేదు. మిగతా పెట్టెలు ఎవరికి పంపావో కనుక్కో నాయనా."

నా బీరువాలోంచి ఆ కాగితాలు ఎప్పుడు తీశారో ఆ మహాతల్లి! ఫొటోలున్నాయి కాబట్టి బతికిపోయాను.

డీఈ గారు మూత చూశారు, కాగితాలు చూశారు, మూలనున్న చెత్తబుట్ట చూశారు.

"మిగతా పెట్టెలు..." అని గొణిగారు.

"ఎస్ఈ గారికి రెండండి," నాంచారయ్య వినయంగా అందుకున్నాడు. "కలెక్టరాఫీసుకి మూడండి."

ఎస్ఈ అంటే ఈయన నెత్తి మీదుండే పెద్ద ఇంజనీరు. డీఈ గారు గ్లాసుడు నీళ్లూ గటగటా తాగేశారు.

"మేడమ్... ఆ సోర్స్ పేరు..."

"చెప్పనండీ. మా వృత్తిలో అది ప్రాణంతో సమానం."

"చెప్పకండి. ఎవరడిగినా, ఎప్పుడడిగినా చెప్పకండి."

"మీరు ఏం చేసినా చేయకపోయినా ఆయన పేరు బయటకి రాదండీ, మాటిస్తున్నాను. కానీ పిల్లల్ని అక్కణ్నుంచి మార్చేదాకా ఆ ట్యాంకు గురించి రోజూ రాస్తాను. అదీ మాటే."

ఆ సాయంత్రమే ట్యాంకు ఖాళీ చేయించారు. అంగన్‌వాడీ పంచాయతీ ఆఫీసు హాల్లోకి మారింది. టీచరమ్మ ఫోన్ చేసి, "ఇక్కడ బల్ల అడ్డం పెట్టే పని లేదండీ, పిల్లలు గదంతా పరుగెడుతున్నారు" అంది. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపొచ్చింది. ఖండన సంగతి, నోటీసు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఎస్ఈ గారింట్లో కాగితాలు చదివే అత్తగారు లేనట్టున్నారు, మూడో పేజీ సంగతీ ఎవరూ ఎత్తలేదు.

డీఈ గారు ఈమధ్యే రిటైరయ్యారు. ఇది రాసుకోనా అని అడిగితే, "పేరు వేయకండి, పళ్ల రకం వేసుకోండి" అన్నారు. అందుకే రసాలని వేశాను.

ఆ తర్వాత నా చేతికి రహస్యం అన్న ముద్రతో కొన్ని కాగితాలు వచ్చాయి. ప్రతిసారీ ముందు ఆ టీచరమ్మ మాట తలుచుకుని అడుగుతాను, ఇది ఎవరి నెత్తి మీద ఉంది అని. ఆ మనుషులకి తెలియకుండా దాచిందైతే రాసేస్తాను. ఆ వ్యవహారం నాకు నేర్పింది అంతే, అంతకన్నా పెద్ద చదువు మా వృత్తిలో నాకింకా తగల్లేదు.

మరుసటి వేసవి కూడా డీఈ గారి పెట్టె వచ్చింది. అంతా వరిగడ్డే. మా అత్తగారు అడుగుదాకా వెతికి, కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"పళ్లు బాగానే ఉన్నాయి గానీ పద్మా, ఈసారి చదువుకోడానికి ఏమీ పంపలేదేంటే?"