కడగని మగ్గు

చెట్టు కొట్టే ముందు లిండ్సే ప్రౌస్ గొడ్డలి తిరగేసి మానుకి మూడు దెబ్బలు వేసి చెవి పెట్టేవాడు. గట్టి చప్పుడైతే రంపం అందుకునేవాడు. డొల్ల చప్పుడైతే పైకి చూసేవాడు, తొర్రలో ఏదన్నా కదిలిందా, ఆ చెట్టు జోలికి పోయేవాడు కాదు. ఆస్ట్రేలియా ఆగ్నేయపు కొండల్లో, టార్లీ అనే చిన్న ఊళ్ళో ముప్పై ఎనిమిదేళ్ళు అదే పని. అబద్ధమాడడం మాత్రం చేతకాదు మనిషికి. ఏం చేస్తాం, కొందరికి ఈత రాదు, ఈయనకి అది రాదు.

కొట్టిన మాను అక్క మొగుడు గ్రేమ్ కోత మిల్లుకే వెళ్ళేది. ఆ మిల్లులో టీ మగ్గులు ఎవరూ కడగరు. లోపల మరక ఎంత నల్లబడితే అంత పాతకాపు అన్నమాట. పని మానేసి వెళ్ళే రోజున తోటివాళ్ళే ఆ మగ్గు తళతళా తోమి చేతిలో పెడతారు. లిండ్సే మగ్గు బొగ్గులా ఉండేది.

సహజంగా పెరిగిన అడవిలో నరుకుడు ఆపాలని రాజధానిలో కొందరు, ఆపితే మా పొయ్యిలో పిల్లి లేవదని ఊరివాళ్ళు రెండేళ్ళుగా కొట్లాడుకున్నారు. చివరికి విచారణ చెయ్యడానికి ఒక అధికారిణి ఊరి హాలుకి వచ్చింది. చెట్టు మీంచి చెట్టు మీదికి గాలిలో జారిపోయే, పిల్లి అంత ఉండే అరుదైన జంతువు గ్లైడరు. ఊరివాళ్ళు మాను కొట్టే పైవాగు అడవిలో అది ఉందని తేలితే అక్కడ నరుకుడు ఆగిపోయినట్టే, దాంతోపాటు మిల్లూ.

ముందు రోజే గ్రేమ్ బతిమాలాడు. "అబద్ధం ఆడమనడం లేదురా బామ్మర్దీ. నోరు మూసుకుని కూర్చో, చాలు."

"అడిగితే బావా?"

"నిన్నెవరు అడుగుతారు, పెద్ద మంత్రివి మరి!"

అడిగింది. వెనక వరసలో టోపీ నలుపుకుంటున్న లిండ్సేనే ఏరికోరి అడిగింది.

"మీరెప్పుడైనా చూశారా?"

గ్రేమ్ నేలచూపులు చూశాడు. లిండ్సే లేచి నిలబడ్డాడు.

"చూశానమ్మా. పదకొండు చెట్లలో."

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదరా!" రంపాలకు పదునుపెట్టే డల్సీ ముసలమ్మ అరిచింది. ఒక్కరూ ఆమెను ఆపలేదు.

ఆ తర్వాత లిండ్సే మిల్లు గడప తొక్కలేదు. ఆరు వారాలకు నరుకుడు ఆపేశామని ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చింది, దాంతో మిల్లు మూతపడింది. ఆ సాయంత్రం గ్రేమ్ ఫోను చేసి, "రేపు పొద్దున మిల్లుకి టీకి రా" అని పెట్టేశాడు.

వెళ్ళేసరికి బల్ల మీద ఆరు మగ్గులు తెల్లగా మెరుస్తున్నాయి. తనది మేకుకి నల్లగా అలాగే వేలాడుతోంది. సాగనంపడానికి కూడా పనికిరాలేదన్నమాట, అనుకున్నాడు లిండ్సే.

"నాది కడగలేదే?"

"కడుగుదామనే తీశాను," అంది డల్సీ. "చేతులు రాలేదు, వెధవా."

గ్రేమ్ ఆ నల్లమగ్గు దించి నిండా టీ పోసి, తనో గుక్క తాగి డల్సీకి అందించాడు. అలా ఆరుగురూ తలా ఓ గుక్క తాగాక చివరికి అది లిండ్సే చేతికొచ్చింది.

"నా కోపం తగ్గలేదు," అన్నాడు గ్రేమ్. "ఇంకా పదేళ్ళకైనా తగ్గుతుందో లేదో. తాగరా, చల్లారిపోతుంది."

లిండ్సే ఏడుస్తూనే తాగాడు.