కెటిల్ మా అత్తగారి చేతికి

నేను పెళ్ళై విజయనగరం నుంచి రాయపూర్ వచ్చినప్పుడు మా కాలనీలో ఏ ఇంటికి వెళ్ళినా ఒకే ఇంటికి వెళ్ళినట్టుండేది. వ్యాగన్లు బాగుచేసే షాపులో పనిచేసే వాళ్ళకి రైల్వే కట్టించిన క్వార్టర్లవి. ముందు వరండా, రెండు గదులు, వెనక పెరడు. అందరి తలుపులకీ అదే పచ్చరంగు. అందరి వంటింట్లోనూ పేర్లు చెక్కించిన స్టీలు గ్లాసులు. డెబ్బైల నాటి సంగతి ఇది, అప్పటికి మాది ఇంకా మధ్యప్రదేశే. ఆ స్టీలు చూసి చూసి నాకు విసుగెత్తిపోయింది. తాగేది టీయే అయినా, తాగే గిన్నె కంటికి ఇంపుగా ఉంటే ఎవరి సొమ్మేం పోతుందని నా బాధ.

అందుకే గోల్ బజార్‌కి వెళ్ళినప్పుడల్లా పప్పులూ ఉప్పులూ కొనేసి, పాత సామాన్లమ్మే ఓ ముసలాయన దుకాణం ముందు ఆగిపోయేదాన్ని. మసిబారిన ఇత్తడి దీపాలు, మచ్చలు పడ్డ అద్దాలు, కాళ్ళూడిన కుర్చీలు ఉండేవక్కడ. ఓరోజు వాటి వెనక పాత పేపర్లలో చుట్టిన టీ సెట్టు కనిపించింది. కెటిల్, పాల జగ్గు, చక్కెర గిన్నె, కప్పులు, సాసర్లు, అన్నిటి మీదా లేత గులాబీలు. అంచున బంగారు గీత అక్కడక్కడా చెరిగిపోయింది. ఒక కప్పు చెవి విరిగితే ఎవరో అతికించారు. ఏదో బంగ్లా ఖాళీ చేస్తూ అమ్మేసినవి, దొరల కాలం నాటివి అని ముసలాయన హిందీలో ఊరించాడు. నన్ను ఊరించక్కర్లేదు. నేనప్పటికే కప్పు చేతిలోంచి దించడం లేదు.

ఇంటికి తెచ్చి విప్పగానే మా అత్తగారు మొహం చిట్లించింది.

“దొరలు తాగి పారీసినవి మనింట్లోకేటే? ఏటి తాగేరో, ఏటి తిన్నారో.”

ఇత్తడికైనా స్టీలుకైనా తోమితే శుద్ధి ఉంది, పింగాణీకి లేదు. అది ఆవిడ లెక్క. ఆ లెక్క ఆవిడ కనిపెట్టింది కాదు, వాళ్ళ అత్తగారి దగ్గర నేర్చుకుంది. వంటింటి గడప దాటి ఆ కప్పులు లోపలికి రాకూడదని తేల్చేసింది. సరే, వరండాలోనే ఉంటాయన్నాను నేను. ఓ చెక్కపెట్టె బోర్లించి, పాత చీర కొంగుతో దాని మీదికి గుడ్డ కుట్టి, చుట్టూ క్రోషా లేసు అల్లి, కెటిల్‌ని మధ్యలో రాణిలా కూర్చోబెట్టాను. దిండు గలేబులకి గొలుసు కుట్టుతో పువ్వులు కుట్టాను. కాలిపోయిన బల్బులకి రంగులు వేసి వేలాడదీశాను. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, సైకిల్ స్టాండు వేసి, ఇది క్వార్టరా ఎగ్జిబిషనా, టికెట్టు ఎక్కడ తీసుకోవాలి అని అడిగేవారు. నేను పట్టించుకునేదాన్ని కాదు. చక్కని వస్తువు చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది, దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

మా అత్తగారి గురించి చెప్పాలి. మా ఆయన బడికెళ్ళే వయసులోనే మామగారు పోయారు. అప్పట్నుంచీ కొడుకుని పెంచి, ఉద్యోగస్తుణ్ణి చేసి, అతని వెంట ఈ ఊరొచ్చింది. ఆవిడ చెయ్యి పడితే పులిహోరకి ఓ రుచి, పాత చీరలు కలిపి బొంత కుడితే దానికో అందం. మాట మాత్రం కత్తి. ఇంట్లో నన్ను పొద్దున్న లేచిన దగ్గర్నుంచి సాధించేది. బయటివాళ్ళు వస్తే చాలు, ఆ నోరే వినిపించేది కాదు.

ముఖ్యంగా పేరంటాల రోజు. మా కాలనీ తెలుగువాళ్ళకి శ్రావణమాసం వచ్చిందంటే పేరంటాలే పేరంటాలు. మా ఇంట్లో పేరంటమంటే పొద్దుటే లేచి పులిహోర కలిపేది ఆవిడ, శనగలు తాలింపు వేసేది ఆవిడ, ముగ్గు పెట్టేది ఆవిడ. గేటు చప్పుడైందంటే చేట పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయేది. వెళ్ళమని ఎవరూ అనలేదు. ఉండమనీ ఎవరూ అనలేదు. ముత్తైదువలందరూ ముందుగదిలో కూర్చుంటే, ఆవిడ బట్టలుతికే రాయి మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకునేది.

ఓ శ్రావణ శుక్రవారం మూడో లైనులో ఉండే పెద్దావిడ, మా అందరికీ పేరంటాల్లో ఏది ఎలా చెయ్యాలో చెప్పే ఆవిడ, పులిహోర నోట్లో పెట్టుకుని నా చేతిని తెగ మెచ్చుకుంది. నాది కాదు పిన్నిగారూ, మా అత్తగారిది అన్నాను. అలాగా అని, మళ్ళీ కొంచెం పెట్టించుకుని, పసుపు ధర గురించి మాట్లాడడం మొదలెట్టింది. వెనక నుంచి చేట చప్పుడు వినిపిస్తూనే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. వండిన చెయ్యి కావాలి, వండిన మనిషి అక్కర్లేదు. ఇదెక్కడి న్యాయం?

ఆ సాయంత్రం ఆవిణ్ణి నిలదీశాను. వచ్చేవారం మీరూ ముందుగదిలో కూర్చోండి, ఎవరేమంటారో నేను చూస్తాను అన్నాను. ఆవిడ ఒత్తులు చేసుకుంటోంది. తల ఎత్తకుండానే అంది.

“లేచి ఎల్లిపోతే ఎవరికీ ఇబ్బంది లేదే. కూకున్నాక బొట్టెడుతూ నా దగ్గరకొచ్చి ఆగిపోయేరనుకో, నేను సచ్చిపోతాను.”

ఆ మాట నా గుండెల్లో దిగబడిపోయింది. వెళ్ళి గిన్నెలు తోముకున్నాను. కానీ ఊరుకునే మనిషినైతే నేనెందుకు అవుతాను? రోజూ వరండా తుడుస్తూ, కప్పులు తుడుస్తూ అదే ఆలోచన. ఓరోజు కెటిల్ తుడుస్తుంటే తట్టింది. పేరంటానికి శాస్త్రం ఉంది, ఎవరు రావాలో ఎవరు రాకూడదో ఉంది. టీ పార్టీకి ఏముంది? దేవుడు లేడు, కుంకుమ లేదు, తాంబూలం లేదు. ఏ పెద్దావిడా దానికి ఇంకా రూలు పెట్టలేదు. పైగా ఈ కప్పులు ఎలాగూ మడికి పనికిరానివి. వాటి చుట్టూ ఎవరు కూర్చుంటే ఏం?

బుధవారం పెట్టుకున్నాను. శుక్రవారమైతే ఎవరో ఒకరు దాన్ని పేరంటం చేసి పారేస్తారు.

మా ఆయన ఒప్పుకోలేదు. అమ్మకి ఇష్టం లేనప్పుడు ఎందుకీ గొడవ అన్నారు. ఇష్టం లేదని ఆవిడ అనలేదు, భయమంది అన్నాను. మర్నాడు పక్క క్వార్టర్ల నుంచి పేముకుర్చీలు అడిగి మోసుకొచ్చారు.

అత్తగారు మాత్రం నాతో మాట్లాడ్డం మానేసింది. నేను బల్లకి గుడ్డ కుడుతుంటే, టీ చల్లారకుండా కెటిల్‌కి దూది పెట్టి టోపీ కుడుతుంటే ఓరగా చూసేది. ఆ టోపీ నా చేతిలో ఓ పక్కకి ఒరిగిపోయింది. రెండ్రోజులు ఆ వంకర భరించి, మూడోరోజు నేను నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి ఆవిడ కుట్లన్నీ విప్పేసి మళ్ళీ కుడుతోంది. బల్లగుడ్డ కూడా లాక్కుని అంచులు సరిచేసింది. కప్పులు నేను కడిగిన తీరు నచ్చక చింతపండు నీళ్ళలో నానబెట్టి ఎండలో ఆరబోసింది. తను వాటిలో తాగదట. కానీ వచ్చినవాళ్ళు మురికి కప్పుల్లో తాగి వెళ్ళారన్న మాట ఈ ఇంటికి రాకూడదట. నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. మాట్లాడితే చెడిపోయే పనులుంటాయి.

పిలుపులకి వెళ్ళాను. మాలో పేరంటం పిలుపంటే కుంకుమ భరిణతో వెళ్ళాలి, గుమ్మంలో బొట్టు పెట్టి పిలవాలి. నేను వట్టి చేతుల్తో వెళ్ళాను. మూడో లైను పెద్దావిడ నా చేతులకేసి చూసి ఏం వ్రతమని అడిగింది. వ్రతం కాదు, టీకి రండి అన్నాను. దాపరికం ఎందుకని, మా అత్తగారు కూడా మనతో కూర్చుంటారు అని చెప్పేశాను. ఆవిడ అవుననలేదు, కాదనలేదు. చూస్తానంది. రాకపోతే పోనీ, వచ్చేవాళ్ళతోనే చేస్తాను అనుకుంటూ గేటు వేశాను.

వచ్చింది. అందరికన్నా ముందు వచ్చింది. పక్క క్వార్టర్‌లో ఆ ఏడే కాపురానికొచ్చిన కొత్త కోడలు వచ్చింది. నన్ను అక్కా అక్కా అంటూ తిరిగే పిల్ల. మా ఎదురింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ శనగపిండితో చేసిన ఠేఠ్రీలు డబ్బాలో పెట్టుకుని తెచ్చింది. అందరూ కప్పులు ఎత్తి గులాబీలు చూస్తున్నారు, లేసు పట్టుకుని చూస్తున్నారు. నేను గాల్లో తేలాల్సింది. కానీ అత్తగారి కుర్చీ, దాని ముందు ఆవిడ కోసం పెట్టిన స్టీలు గ్లాసు ఖాళీగా ఉన్నాయి. గేటు చప్పుడు వినగానే కాళ్ళు వాటంతటవే పెరట్లోకి తీసుకుపోయాయి ఆవిణ్ణి.

ఎదురింటావిడ అటూ ఇటూ చూసి, అమ్మగారేరీ, కాళ్ళకి దణ్ణం పెట్టకుండా ఎలా కూర్చోను అంది హిందీలో. ఆవిడకి మా లెక్కలు తెలీవు, పెద్దవాళ్ళంటే పెద్దవాళ్ళే. నేను పెరట్లోకి వెళ్ళాను. చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అందులో బియ్యం కూడా లేవు.

“టీ చల్లారిపోతోంది, రండి.”

“నువ్వే పొయ్యి అయితే. నీకు సేతుల్లేవా?”

“ఉన్నాయి. కెటిల్ మాత్రం పట్టను. ఇంటి పెద్దవాళ్ళు పొయ్యాలి.”

అని వచ్చేసి, నా కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. అందరి ముందూ ఖాళీ కప్పులు. కబుర్లు తగ్గాయి. పెద్దావిడ కెటిల్ టోపీకేసి చూసి, చల్లారిపోతుందేమోనమ్మా అంది. చల్లారనివ్వండి పిన్నిగారూ, మళ్ళీ పెడతాను అన్నాను. ఆవిడ రాకపోతే నేను నవ్వులపాలు. నా నవ్వులపాలు సంగతి సరే, ఆవిడ ఇంక జన్మలో ఈ వరండాలోకి రాదు. అయినా చెయ్యి కదపలేదు.

వచ్చింది. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, ఎవరి మొహమూ చూడకుండా వచ్చి, టోపీ తీసి, నిలబడే టీ పోసింది. ఎదురింటావిడ లేచి కాళ్ళకి దణ్ణం పెట్టింది. పెద్దావిడ కప్పు అందుకుంటూ, ఈ టోపీ కుట్టు ఎవరిదండీ, ఇంత సన్నంగా ఉంది అని అడిగింది. ఇన్నేళ్ళలో ఆవిడ మా అత్తగారిని సూటిగా ఒక మాట అడగడం నేనెరగను. అత్తగారు జవాబు చెప్పింది. చెబుతూ చెబుతూ కుర్చీ అంచు మీద కూర్చుంది. బొంతల గురించి, పాత నేత చీరలు దొరక్కపోవడం గురించి, పప్పుచెక్కల పిండి ఎంతసేపు నాననివ్వాలో మాట్లాడింది. మెల్లిగా కుర్చీ వెనక్కి ఆనుకుంది. నేను లోలోపల ఎగిరి గంతేశాను.

అంతలో పెద్దావిడ ఇంక వస్తానమ్మా అని లేచింది. మాలో ముత్తైదువ ఇంటికొచ్చి బొట్టు పెట్టించుకోకుండా వెళ్ళదు. నేను మర్చిపోయాననుకుంది కాబోలు కొత్త కోడలు. పాపం నాకు సాయం చేద్దామని ఒక్క పరుగున లోపలికెళ్ళి దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణ తెచ్చేసింది. వద్దనేలోగా పెద్దావిడకి పెట్టేసింది. ఎదురింటావిడకి పెట్టింది. నాకూ పెట్టింది. అదే ఊపులో పక్క కుర్చీ వైపు తిరిగింది.

తిరిగి, ఆగిపోయింది. ఆ పిల్ల వేలి చివర కుంకుమ అలాగే ఉంది.

ఏది జరిగితే చచ్చిపోతానందో సరిగ్గా అదే, నా వరండాలో, నా మొండితనం వల్ల, ఆవిడ ముందు నిలబడి ఉంది. ఆ భరిణ లాక్కుని వీధిలోకి విసిరేద్దామా అనిపించింది. అత్తగారు కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆన్చింది. లేచిపోతోందనుకున్నాను.

ఆవిడ లేవలేదు. కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకుంది.

“నాకక్కర్లేదులే అమ్మా, నువ్వేటీ అనుకోకు,” అంది ఆ పిల్లతో. తర్వాత తన స్టీలు గ్లాసు నా ముందుకి తోసింది. “అందరికీ నేనే పోసేను. నాకెవరూ పొయ్యరేటి?”

పెద్దావిడ వెళ్ళబోయినదల్లా మళ్ళీ కూర్చుంది. కొత్త కోడలు భరిణ మూత పెట్టింది. నేను కెటిల్ అందుకున్నాను. ఆవిడ మొహమే చూస్తూ పోశాను, టీ సగం గ్లాసులో, సగం గుడ్డ మీద.

“సూసి పొయ్యవే, కళ్ళెక్కడెట్టేవు? నేను కుట్టిన గుడ్డంతా పాడుసేసీసేవు,” అని కసిరింది.

నలుగురిలో కూర్చుని మా అత్తగారు నన్ను తిట్టడం అదే మొదలు. వీధి చివరి దాకా వినిపించేలా తిట్టింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, సంతోషానికే. ఇంకా తిట్టనీ అనుకుంటూ గ్లాసు నిండా పోశాను.